గడియ అవతలి వైపు

అద్దెకివ్వడానికి ఇంటి వెనకాల చిన్న పోర్షన్ ఒకటి వేసుకుంటే ఏడు లాభాలున్నాయని మా బావమరిది చెప్పాడు. వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. ఎనిమిదోది వాడు చెప్పలేదు. నేనే కట్టి తెలుసుకున్నాను. పెళ్ళాం ఇల్లు వదలకుండానే మొగుణ్ణి వదిలెయ్యొచ్చు.

మా ఆవిడ నా దగ్గర అద్దెకుంటోంది. నా వంటింటికీ ఆవిడ గదికీ మధ్య ఒకే ఒక్క తలుపు. అది నేను చేసిన తలుపే. ఏడాది తిరిగి అగ్రిమెంటు అయిపోవస్తుంటే, మళ్ళీ సంతకం పెట్టాలంటే ఆ తలుపు పీకేసి ద్వారం మూసెయ్యమంది. లేదంటే వేరే ఇల్లు చూసుకుంటానంది. తలుపు ఉంచితే మనిషి పోతుంది. మనిషిని ఉంచుకోవాలంటే తలుపు పోవాలి. ఈ గొడవంతా దాని గురించే.

నేను తలుపుల మేస్త్రిని. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి మా మేనమామ దగ్గర చిత్రిక పట్టడం నేర్చుకున్నాను. ముప్ఫయ్యేళ్ళుగా ఇంటింటికీ తిరిగి తలుపులు బిగిస్తున్నాను. నేను బిగించిన తలుపు ఒక్కటి కూడా కీచుమనదు. మనుషులే నన్ను చూసి కీచుమంటారు. వీధిలో నా పేరు గరుకు మేస్త్రి. గరుకు కాగితంతో రుద్దితే చెక్క నునుపెక్కుతుంది గానీ మనుషులు నునుపెక్కరు అని మా ఆవిడ ఒకసారి ఎవరితోనో అనగా విన్నాను. నాతో అన్లేదు.

మా ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది. ముందు గది, నడిమి గది, వంటిల్లు, దాని వెనకాల రేకుల షెడ్డు. షెడ్డులో నా కలప ఉండేది. మా ఆవిడ బట్టలు కుడుతుంది. నడిమి గదిలో భోజనాల బల్ల మీదే కత్తిరింపు, దాని పక్కనే మిషను. భోజనం వేళకి బట్టలు తియ్యాలి, భోజనం అయ్యాక గిన్నెలు తియ్యాలి. మాకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు గొంతులు. అందులో ఎక్కువగా వినబడేది నాదే.

బావమరిది ఇళ్ళ బ్రోకరు. వాడికి లాభాలరాయుడని పేరు పెట్టింది నేనే. నష్టం అన్న మాట వాడి నోట ఒక్కసారి కూడా వినలేదు. వాడి చేతికి వచ్చినవన్నీ మాత్రం నష్టాలే. రెండేళ్ళ కింద ఒక సెలవు రోజు వచ్చి, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"బావా, ఒక్క మాట విను. నీ వెనక షెడ్డు ఇన్నాళ్ళుగా నీకేం సంపాదించి పెట్టింది?"

"చెదలు."

"అదే అద్దెకిస్తే? ఇంటి అప్పు వాయిదా దానంతటదే కట్టుకుంటుంది. ఒకటి. రేపు ఇల్లు అమ్ముకోవాలంటే రెండిళ్ళ ధర పలుకుతుంది. రెండు. నువ్వు పనికెళ్తే ఇంటికి కాపలా. మూడు. ఒంట్లో బాగోకపోతే పిలిస్తే పలికే మనిషి. నాలుగు."

"నాకు పలికే మనిషి అక్కర్లేదురా. ఉన్న మనిషి పలక్కుండా ఉంటే చాలు."

మా ఆవిడ చేతిలో కత్తెర ఒక క్షణం ఆగి మళ్ళీ నడిచింది. వాడు వాళ్ళక్క వంక చూసి, నా వంక చూసి, చిటికెన వేలు మడిచాడు.

"ఐదు. వయసు మీదపడ్డాక మీరే ఆ చిన్నదాంట్లోకి మారి పెద్దది అద్దెకిచ్చుకోవచ్చు. ఆరు. బంధువులొస్తే నట్టింట్లో పడుకోబెట్టే పని ఉండదు. ఏడు..."

"ఏడు నీ కమీషను."

"అది నాకు లాభం బావా, నీకెందుకవుతుంది? ఏడేంటంటే, గోడవతల పరాయి మనిషి అలికిడి ఉంటే ఇంట్లో అరుపులు తగ్గుతాయి. పరువు కోసమైనా తగ్గుతాయి."

"ఎవడి అరుపులు?"

"ఎవరివైనా అనుకో."

చెప్పేవాడికి వినేవాడు లోకువని, వాణ్ణి అక్కడే నాలుగు దులుపుదామనుకున్నాను. ఇంతలో మా ఆవిడ పంటితో దారం తెంపి అడిగింది. "దానికి వేరే గుమ్మం ఉంటుందా?"

"ఉంటుందక్కా. పక్క సందులోంచి. వేరే గుమ్మం, వేరే కుళాయి, వేరే మీటరు."

"అయితే కట్టించండి," అంది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్క మాటలో ఒప్పుకున్నది ఆ ఒక్కదానికే. నేనప్పుడే అనుమానపడాల్సింది. చెక్క మరీ తేలిగ్గా చీలిందంటే లోపల పుచ్చున్నట్టే.

కట్టడం అంతా నా చేతుల మీదే అయింది. కుళాయిలవాణ్ణి రెండుసార్లు తరిమాను, రెండుసార్లు పిలిచాను. మిగతాది ఒక్కణ్ణే. ఐదు నెలలు పని నుంచి వచ్చి పనిలోకే దిగాను. షెడ్డులో కలపంతా నడిమి గదిలోకి చేర్చాను. మా ఆవిడ బల్ల మీద పలకలు, మిషను కింద కొయ్య దుంగలు. ఆవిడ గుడ్డలకి రంపంపొట్టు అంటుకుందని ఒకరిద్దరు వెనక్కిచ్చారు కూడా. కలపకి చెమ్మ తగిలితే నా కూడు పోతుంది, గుడ్డకి పొట్టంటితే దులుపుకుంటే పోతుంది అన్నాను. ఉన్న మాటే అన్నాను.

వంటింటి వెనక గోడకి తలుపు పెట్టొద్దని బావమరిది మొత్తుకున్నాడు. "వేరే వాటా అన్నాక మధ్యలో తలుపేంటి బావా?" అన్నాడు. నా ఇంట్లో నేను వెళ్ళలేని గది ఒకటుండటమేంటని నేను పెట్టాను. నాలుగు పలకల తలుపు, మంచి గట్టి కలప, ఒక్క ముడి లేనిది. పెద్దింటివాళ్ళ పూజగదికి కూడా అంత కలప వాడలేదు.

పొరపాటు ఇక్కడే జరిగింది. నా అలవాటు ఏంటంటే, ఏ గదికి తలుపు బిగిస్తున్నానో ఆ గదిలో నిలబడే బిగిస్తాను. నేను నిలబడ్డ వైపే గడియ వేస్తాను. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో అది సరిపోతుంది. లోపలున్నవాడే కదా గడియ వేసుకునేది. నా సొంత ఇంట్లో ఆ రోజు కొత్త గదిలో నిలబడి ఉన్నాను. గడియ కొత్త గది వైపు బిగిసిపోయింది. మా ఆవిడ టీ పట్టుకొచ్చి, గడియ ఒకసారి తీసి, ఒకసారి వేసి చూసింది. "బాగుంది," అంది.

బావమరిది చూడగానే పట్టేశాడు. "అదేంటి బావా, గడియ అటు పెట్టావు? అద్దెకున్నవాడు వేసుకుంటే ఇక నువ్వు లోపలికెలా వెళ్తావు?"

"తెలిసే పెట్టాను. అద్దెకున్నవాళ్ళకి ఇచ్చే మర్యాద అది."

"నువ్వా? మర్యాదా?"

ఆ మాటతో ఇక మార్చడానికి లేకుండా పోయింది. వాడు అలా అనకపోయుంటే ఆ సాయంత్రమే విప్పి ఇటు బిగించేవాణ్ణి.

తర్వాత అద్దెకి మనుషులు రావడం మొదలైంది. ముందు ఒక కుర్ర జంట, ఇద్దరూ బళ్ళో పంతుళ్ళే. ఆ అబ్బాయి గోడ తడిమి, "మేకులు కొట్టుకోవచ్చా అండీ?" అన్నాడు. నీ నుదుటికి కొట్టుకో అన్నాను. ఆ గోడకి నేను మూడుసార్లు పూత వేశాను. రెండోవాడు ఆసుపత్రి బండి డ్రైవరు. ఏ వేళప్పుడు పిలుపొచ్చినా వెళ్ళాలన్నాడు. ఎవడో చస్తుంటే నా నిద్రెందుకు చావాలన్నాను. మూడో ఆవిడ పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయింది. బుట్టలో పిల్లి ఉంది.

"ఇది ఏమీ చెయ్యదండీ," అంది.

"నేను చేస్తాను," అన్నాను.

మా ఆవిడ కిటికీలోంచి అన్నీ చూస్తూనే ఉంది. ఆ పోస్టాఫీసావిడకి మంచినీళ్ళిచ్చి, సందు చివరి దాకా వెళ్ళి సాగనంపి వచ్చింది. వచ్చాక నన్ను తిట్టలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఒక్క ముక్కైనా అంటుందేమో, అంటే తిరిగి అందామని చూశాను. మిషను ముందు కూచుంది.

పదిరోజులకి బావమరిది కాయితాలతో వచ్చాడు. పార్టీ దొరికిందన్నాడు. ఒంటి మనిషి, చేతిపని, సిగరెట్టు లేదు, స్నేహితుల గోల లేదు.

"నా షరతులు చెప్పావా?"

"మళ్ళీ ఒకసారి చెప్పు, రాసుకుంటా."

"గట్టిగా మాట్లాడకూడదు. గోడలకి మేకులు కూడదు. పెంపుడు జంతువులు కూడదు. వేళకి అద్దె. నన్ను పలకరించకూడదు."

"ఆఖరిది కూడా రాయాలా బావా?"

"అదే ముందు రాయి."

రాశాడు. ఓనరు తరఫున కూడా ఒకటుంటుందన్నాడు. అడక్కుండా లోపలికి రాకూడదట. నాకక్కడేం పని అని సంతకం గీకాను. పేరు చూళ్ళేదు. నన్ను పలకరించని మనిషి పేరుతో నాకేం పని?

సోమవారం పొద్దున ముందు గదిలో కిటికీ రెక్క చిత్రిక పడుతుంటే నడిమి గదిలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. చూస్తే మిషను ఒక కొస మా ఆవిడ, ఇంకో కొస వాళ్ళ తమ్ముడు.

"ఏంటది?"

"మిషను," అంది.

"కనబడుతోంది. ఎక్కడికి?"

"మా ఇంటికి."

"నీకు వేరే ఇల్లెక్కడుంది?"

"సందులో. నిన్ననే తమ్ముడి చేతిలో అడ్వాన్సు పెట్టాను. మీ షరతులన్నిటికీ ఒప్పుకున్నాను, ఓనరుగారూ. ఆఖరిది మరీ నచ్చింది."

బావమరిది నేల చూపులు చూస్తూ, "పార్టీ మంచిదే కదా బావా," అన్నాడు. చేతిలో ఉన్న కొయ్యసుత్తి విసిరాను. గోడకి తగిలింది. వాడికి తగల్లేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ విచారమే.

మా ఆవిడ మిషను దింపింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను మిమ్మల్ని వదిలెళ్ళడం లేదు. మీ నోటికి అవతల ఉంటున్నాను. అంతే," అంది. మళ్ళీ మిషను ఎత్తింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ నేను చూశాను. రెండూ ఒక్క రోజే పగబట్టి లేచిపోతాయని ఎవరూ చెప్పలేదు.

నాలుగు రోజుల్లో తిరిగొస్తుందనుకున్నాను. నాలుగు వారాలైంది. నేను వండుకున్నాను, మాడ్చుకున్నాను, తిన్నాను. ఆవిడకి బేరాలు పెరిగాయి. ఇదివరకు మా ఇంటికి రావడానికి జంకే ఆడవాళ్ళు సందులో బారులు తీరారు. ఒకప్పుడు ఒకావిడ పట్టుకొచ్చిన గుడ్డ చూసి, ఇంత గుడ్డ మనిషికా డేరాకా అన్నాన్లెండి. ఆవిడ కూడా మళ్ళీ వచ్చింది. గోడవతల నుంచి నవ్వులు. అందులో ఒక నవ్వు ఎవరిదో పోల్చుకోలేక వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడ్డాను. కొంతసేపటికి తెలిసింది, మా ఆవిడదే.

అద్దె ప్రతి ఒకటో తారీకు కవరులో తలుపు కిందనుంచి వచ్చేది. ఒక నెల కాలితో వెనక్కి తోశాను. మళ్ళీ ఇటు వచ్చింది. మళ్ళీ తోశాను. అలా నాలుగైదుసార్లయ్యాక, "ఓనరుగారూ, నాకు పనుంది," అని వినబడింది. తీసుకున్నాను.

ఆ తలుపు దగ్గరకి రోజుకొకసారైనా వెళ్ళేవాణ్ణి. గడియ అటువైపు. తట్టి, ఉప్పెక్కడుంది అనేవాణ్ణి. కుళాయి పక్క డబ్బాలో అనేది. దుప్పటి ఏది అనేవాణ్ణి. పెట్టె అడుగున అనేది. అడిగినదానికి మాత్రం జవాబిచ్చేది. కోపమొచ్చినప్పుడు ఇవతల నిలబడి తిట్టేవాణ్ణి కూడా. ఎక్కువగా అదే చేశానని ఒప్పుకుంటాను. అవతల ఎవరున్నారో నాకు కనబడదు కదా.

ఒక రోజు ఒక పెళ్ళికూతురి తల్లి ఉందట. జాకెట్టు కొలతకి నిలబడి, నడుం చుట్టూ గుండుసూదులతో ఉందట. నాకేం తెలుసు? అప్పుడే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. తలుపు మీద గుద్ది, "ఇరవై రెండేళ్ళు నా కూడు తిని, ఇవాళ ఊళ్ళో ఆడవాళ్ళ నడుములు కొలుస్తూ నా నెత్తినే కూచున్నావే," అని మొదలుపెట్టి, అనాల్సినవీ అనకూడనివీ అన్నాను. ఆవిడ సూదులతోనే సందులోకి పరిగెత్తింది. గుడ్డ కూడా వెనక్కి తీసుకుపోయింది.

మర్నాడు లాభాలరాయుడు వచ్చాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడ్డాడు. సుత్తి ఎంత దూరం వెళ్తుందో అంచనా వేసుకున్నట్టున్నాడు.

"బావా, ఈ నెలాఖరుకి అగ్రిమెంటు అయిపోతుంది."

"అయితే?"

"అక్క మళ్ళీ సంతకం పెడతానంటోంది. ఒక్కటే షరతు. మధ్య తలుపు తీసేసి ద్వారం మూసెయ్యాలి."

"నా ఇంటికి నాకే షరతా?"

"మొన్నటిదాకా నువ్వు పెట్టలేదా?"

"దొంగకి తాళంచెవి ఇచ్చినట్టు నీకు చోటిచ్చాను చూడు, ముందు నన్ను కొట్టాలి."

"నన్ను తిట్టుకో బావా, పర్లేదు. అలవాటే. కానీ అక్క ఈసారి ఊరికే అనట్లేదు."

వాణ్ణి పంపేసి తలుపు తట్టాను.

"ఏమేవ్."

మిషను ఆగింది.

"ద్వారం మూసెయ్యమన్నావట."

"తమ్ముడు సరిగ్గానే చెప్పాడన్నమాట."

"మూయకపోతే?"

"మందుల షాపు పైన రెండు గదులు చూశాను. కిటికీ పెద్దది. వెలుతురు బావుంది."

"పో. నాకేంటి? రేపే పోస్టాఫీసావిణ్ణి పిలిచి పెట్టుకుంటాను, పిల్లితో సహా."

"పిల్లి మీతో వేగలేదండీ."

"తలుపుంటే నీకొచ్చిన నష్టమేంటి? గడియ నీ వైపే ఉందిగా."

"గడియ మనిషికి అడ్డం. మాటకి అడ్డం కాదు."

"ఇంట్లో ఏదైనా కావాలంటే ఎవర్నడగను? ఉప్పెక్కడుందో కూడా..."

"ఉప్పు డబ్బా ఏడాదిగా ఒక్కచోటే ఉంది," అంది. గొంతు పెంచలేదు. "మీరడుగుతూనే ఉన్నారు. నేను చెబుతూనే ఉన్నాను. మీకు ఉప్పు అక్కర్లేదని నాకు తెలుసు. అక్కర్లేదని తెలిసీ చెప్పాను. కానీ ఆ పెళ్ళివాళ్ళావిడ చేసిన పాపమేంటి? ఆదివారం దాకా చూస్తాను."

మిషను మళ్ళీ నడిచింది. నేను తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాను.

నాలుగు రోజులు పళ్ళు కొరుక్కున్నాను. నా ఇల్లు, నా గోడ, నా కలప. నేనెందుకు మూయాలి? పొమ్మందాం, పోతే పోనీ, మందుల షాపు పైన ఎండకి మాడనీ. ఇలా అనుకుంటూనే ఆ షాపు ముందునుంచి ఒకసారి నడిచాను. పైన కిటికీ నిజంగానే పెద్దది. ఎవరో పెట్టిన చౌక తలుపులు. రెక్క వంగి ఉంది, గాలికి కొట్టుకుంటోంది. ఆ మేడకి సందు తలుపు కూడా లేదు, నేరుగా బజారులోకే. అక్కడ నేను తట్టడానికి ఏమీ ఉండదు. ద్వారం మూస్తే ఆవిడ గోడకి అవతల ఉంటుంది. మూయకపోతే బజారుకి అవతల ఉంటుంది. ఏది దూరమో కొలవడానికి టేపు అక్కర్లేదు.

శనివారం పొద్దున తట్టాను. "గడియ తియ్యి. తలుపు దింపాలి."

తీసింది. ఏడాదిలో ఆ తలుపు నా ముందు తెరుచుకోవడం అదే మొదలు. తెరిచింది పీకడానికే. మూడు బందులూ విప్పి, రెక్కని ఆవిడ గదిలోకి ఎత్తి గోడకి ఆనించాను. ద్వారబంధం లోపల నిలువు చెక్కలు కొట్టాను. నా వంటింటి వైపు ప్లైవుడ్ షీటు ముందు బిగించాలి. అది వంటింట్లో నిలబడే బిగించాలి. బిగించేసరికి పనిముట్ల పెట్టె ఆవిడ గదిలో, నేను నా వంటింట్లో. ఇక దారి లేదు. ముందు గుమ్మంలోంచి బయటికొచ్చి, సందంతా చుట్టి, ఆవిడ గుమ్మం తట్టాను.

"ఎవరు?"

"మేస్త్రిని."

"రండి."

ఆ గది నేను కట్టిందే గానీ నాది కాదు. తాడు మీద బట్టలు, ఒక్కోదానికి పేరు రాసిన కాయితం సూదితో గుచ్చి ఉంది. ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి. వచ్చినవాళ్ళకి కుర్చీ, దాని మీద మెత్త. నా ఇంట్లోంచి ఆవిడ తెచ్చుకున్నది మిషనొక్కటే. కత్తిరింపుకి బల్ల లేదు. నేల మీద కాయితం పరిచి, మోకాళ్ళ మీద కూచుని కత్తిరిస్తోంది. కాయితం రెండు చోట్ల మోకాళ్ళ కింద అరిగిపోయి ఉంది.

"చూడ్డం అయితే పని చెయ్యండి," అంది.

"చూస్తున్నానని నీకు చెప్పానా?"

రెండు గోనెసంచులు ఈడ్చుకొచ్చింది. నిండా కత్తిరింపు ముక్కలు. "ఇవి మధ్యలో కుక్కండి."

"దేనికి?"

"చప్పుడు రాకుండా."

"నా చప్పుడా?"

"ఇంకెవరిది?"

"మరి నీ మిషను చప్పుడో?"

"అదీ మీకు రాదు. మీకూ లాభమే."

"ఆ తమ్ముడికి అక్కవే కదా."

నేను వదులుగా కుక్కి వదిలెయ్యొచ్చు. పైన షీటు వేశాక ఎవరికి తెలుస్తుంది? నాలుగు పిడికిళ్ళు వేసి, మిగతాది సంచిలోనే ఉంచి కింద తోసేస్తే సరి. అనుకున్నాను కూడా. కానీ ముప్ఫయ్యేళ్ళుగా చేతులు ఒక్కటే నేర్చుకున్నాయి. నోటికి నేర్పలేనిది వాటికి మా మేనమామ కర్రతో కొట్టి నేర్పాడు. రెండు సంచులూ, మూల మూలకీ, ఉలి పిడితో అదిమి అదిమి కుక్కాను. షీటు బిగించి అంచులకి పట్టీలు వేసి రుద్దాను. మధ్యాహ్నం దాటింది. ఆవిడ వచ్చి అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి తడిమింది. వేలి కణుపుతో కొట్టింది. నిండుగా పలికింది.

"సరే," అంది. "సోమవారం తమ్ముడు కాయితాలు తెస్తాడు. సంతకం పెడతాను."

నేను పనిముట్లు సర్దుకున్నాను. రెక్క భుజానికెత్తుకోబోయాను.

"ఆ తలుపేం చేస్తారు?"

"కలప. ఎక్కడో పనికొస్తుంది."

"నాకు అమ్మండి. కాళ్ళు బిగించి. కత్తిరింపు బల్లకి సరిపోతుంది."

"ఆ కలప ఖరీదేంటో తెలుసా నీకు?"

"తెలీదు. ఓనరు రేటొద్దు. మేస్త్రి రేటు చెప్పండి."

చెప్పాను. కావాలనే ఎక్కువ చెప్పాను. ఆవిడ నవ్వి సగం చెప్పింది. నేను రెక్క ఎత్తుకుని గుమ్మం దాకా నడిచాను. అడ్డంగా పట్టలేదు, నిలువుగా తిప్పాల్సొచ్చింది. తిప్పేదాకా ఊరుకుని అప్పుడంది.

"బందుల చిల్లులు పూడ్చి, రెండు వైపులా చిత్రిక పట్టి ఇస్తే ఇంకొంచెం వేస్తాను."

"గడియ?"

"బల్లకి గడియెందుకండీ? ఊడదీసి పట్టుకుపోండి."

"గడియ తీస్తే అక్కడ గుంట పడుతుంది. అది పూడ్చడానికి వేరే."

"మీ గుంట మీరు పూడ్చుకోడానికి నేనివ్వాలా?"

ఇంకా చాలా అనుకున్నాం. కాళ్ళకి ఏ కలప, అడ్డపట్టీ ఉండాలా వద్దా, ఎప్పటికిస్తాను. ఏడాదిలో అంతసేపు ఎదురెదురుగా మాట్లాడుకోవడం అదే. ఒక్క మాట కూడా మంచిది లేదు. చివరికి ఆవిడ మాటా నా మాటా కాని చోట బేరం తెగింది. రెక్కని మళ్ళీ గోడకి ఆనించి, జేబులోంచి టేపు తీశాను.

"ఎత్తు ఎంత?"

"మామూలుగా."

"మామూలు అనేది ఉండదు. నిలబడి కత్తిరించే మనిషికి మోచేతికి బెత్తెడు, నాలుగంగుళాలు కిందికి రావాలి. లేకపోతే నడుం పోతుంది. నిలబడు."

నిలబడింది. నేను టేపు లాగి వంగబోయాను. ఆవిడ నా చేతిలోంచి కొస తీసేసుకుంది.

"నేను కొలుచుకుంటాను."

రోజంతా ఊరందర్నీ కొలిచే మనిషి. కొసని మడమ కింద తొక్కిపెట్టి, మోచెయ్యి మడిచి, టేపు పైకి లాగి, మెడ వంచి అంకె చూసింది.

"నలభై. తీసివేత మీరు చేసుకోండి."

చెవి మీది పెన్సిలు తీసి రెక్క మీద ముప్ఫయ్యారు అని వేశాను. ఆవిడ నా భుజం పక్కనుంచి తొంగిచూసింది.

"ఆరు సరిగ్గా వెయ్యండి. సున్నాలా ఉంది."

"నాకు తెలుస్తుంది."

"మీరు పొరబడితే పోయేది నా నడుం."

బొటనవేలితో చెరిపి, మళ్ళీ వేశాను.